మిర్చి కోల్డ్ స్టోరేజీ స్క్రీన్‌ని ఐదు ఫ్రేమ్‌వర్క్‌లలో రాసి చూశాం, చివరికి వ్యూ (Vue) తీసుకున్నాం

మేం గుంటూరులో ముగ్గురం కలిసి సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాం. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు స్టాక్, అద్దె, బాండ్ల (సరుకు దాచినందుకు రైతుకిచ్చే రసీదుల) లెక్కలు చూసే అప్లికేషన్ మాది. పాతది పదేళ్ల కిందట రాసింది, బ్రౌజర్‌లోనే నడిచేది. అయితే అందులో వాడిన గ్రిడ్ (వరుసలూ గడులూ చూపించే పట్టిక) ఒక కంపెనీ దగ్గర కొన్నాం. ఆ కంపెనీ దాన్ని మెల్లమెల్లగా పట్టించుకోవడం మానేసింది, ఫోన్ చేస్తే కొత్తది కొనమంటుంది, కొత్తది కొంటే పాత కోడ్ సగం తిరగరాయాలి. దాంతో 2025 ఆగస్టులో, సీజన్ లేని రోజుల్లో, మొత్తం కొత్తగా రాద్దామని కూర్చున్నాం. ఏ ఫ్రేమ్‌వర్క్‌లో (బ్రౌజర్ స్క్రీన్లు కట్టుకోవడానికి సిద్ధంగా దొరికే కోడ్ చట్రం) రాయాలో తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. అప్పుడు చూసినవన్నీ ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మేం వెతికితే దొరికిన పోలికలన్నీ చేయాల్సిన పనుల చిట్టా ఒకటి రాసి చూపించి వదిలేసేవే. పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే స్క్రీన్ ముందు కూర్చుని లాట్లు ఎక్కించే గుమస్తా సంగతి వాటిలో ఎక్కడా లేదు.

మేం చేసిన పద్ధతి ఇది. మా అప్లికేషన్‌లో అన్నిటికన్నా కష్టమైన స్క్రీన్ సరుకు దిగుమతిది. రైతు పేరు, ఊరు, రకం (తేజ, 334, 341, బాడిగ), టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా ఎంత, ఏ చాంబర్, ఏ అంతస్తు, ఎవరి కమిషన్ కొట్టు ద్వారా వచ్చింది, బ్యాంకు లోను ఉందా లేదా, ఇవన్నీ పైన ఉంటాయి. కింద గ్రిడ్‌లో పాత లాట్లన్నీ కనపడాలి. నాలుగైదు సీజన్లవి కలిపితే 40 వేల వరుసలు. ఈ ఒక్క స్క్రీన్‌ని ఎక్స్‌ట్ జేఎస్, యాంగ్యులర్, రియాక్ట్, స్వెల్ట్, వ్యూ, ఈ ఐదింటిలోనూ రాశాం. రాసి మా ఆఫీసులో కాకుండా ఒక కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లి, అక్కడున్న 4 జీబీ ర్యామ్ యంత్రం మీద, అక్కడి గుమస్తా గారి చేతే నడిపించాం.

ఆయన ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నారు, మొదట డాస్‌లో, తర్వాత ట్యాలీలో. మౌస్ ముట్టుకోరు. ఎంటర్ కొడితే తర్వాతి గడిలోకి వెళ్లాలి, అంతే. బ్రౌజర్‌లో ఫారం మీద ఎంటర్ కొడితే ఫారం సబ్మిట్ అయిపోతుంది. ఈ ఒక్క తేడాకే, మొదటి రోజు ఆయన ఎక్కించిన పది లాట్లలో ఏడు సగం సగం సేవ్ అయ్యాయి. సీజన్‌లో గేటు బయట లారీలు వరసగా నిలబడి ఉన్నప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో ఆ పని చూసినవాళ్లకు తెలుసు. అందుకే మా పరీక్షలో మొదటి మార్కులు వేగానికి కాదు, ఎంటర్‌కి.

ముందు ఎక్స్‌ట్ జేఎస్. 2007 నుంచి ఉన్నది, మొదట యాహూ వాళ్ల యూఐ లైబ్రరీకి అనుబంధంగా పుట్టింది. నిజం చెప్పాలంటే పెట్టెలోంచి తీసిన వెంటనే మా పనికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. గ్రిడ్, ట్రీ, తేదీ గడి, ట్యాబులు, లేఅవుట్లు అన్నీ ఒక్క చోటే ఉంటాయి, ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. ఎడమవైపు రెండు నిలువు వరుసలు కదలకుండా ఉంచి మిగతావి జరపడం, వేల వరుసల్లో కంటికి కనపడేవాటినే గీయడం, అన్నీ సెట్టింగులతోనే అయిపోయాయి. ఎంటర్ కోసం స్పెషల్‌కీ అనే ఈవెంట్ ముందే ఉంది. రెండు రోజుల్లో స్క్రీన్ లేచి నిలబడింది. గుమస్తా గారికి కూడా నచ్చింది, పాత ప్రోగ్రాంలా ఉందన్నారు.

కానీ తీసుకోలేదు. లైసెన్స్ డెవలపర్ల లెక్కన కట్టాలి, ముగ్గురికి ఏటా కట్టే స్తోమత మాకు లేదు. డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లమేమో. 2008లో దాని ఉచిత లైసెన్స్ మారింది, 2010లో దాని కంపెనీ పేరు సెంచా అయింది, 2017లో ఆ సెంచానే ఐడెరా అనే ఇంకో కంపెనీ కొనేసింది. మనం పదేళ్లు ఆధారపడే వస్తువు ఇన్నిసార్లు చేతులు మారిందంటే, కొన్న గ్రిడ్ దగ్గర ఒకసారి దెబ్బ తిన్న మాకు గుండె ఒప్పుకోలేదు. పెద్ద కంపెనీలో ఉండి, లైసెన్స్ ఖర్చు మీ జేబులోంచి పోకపోతే మాత్రం ఒకసారి తప్పకుండా చూడండి, ఇంత నిండుగా ఉన్న గ్రిడ్ వేరే చోట ఉచితంగా దొరకదు.

ఉచితమైనవైనా శాశ్వతం కావు, ఆ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు బ్రౌజర్‌లో గొప్ప అప్లికేషన్ అంటే ఫ్లాష్ మీద నడిచే ఫ్లెక్సే. అడోబీ దాన్ని 2011లో అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది, 2020 డిసెంబర్ 31తో ఫ్లాషే ఆగిపోయింది. అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్‌కి 2021 అక్టోబర్‌లో మద్దతు ముగిసింది. యాంగ్యులర్ జేఎస్ 2010లో వచ్చి ఊరంతా తిరిగింది, 2016లో యాంగ్యులర్ 2 అని వచ్చింది చూస్తే పేరు తప్ప ఏమీ కలవలేదు, పాతదాన్ని 2021 చివరికల్లా మూసేశారు. వ్యూ 2 కూడా 2023 డిసెంబర్ 31తో ముగిసింది. కాబట్టి ఏది తీసుకున్నా ఏదో ఒక రోజు ఇల్లు మారాల్సిందే. ఆ రోజున సామాను ఎంత తేలిగ్గా కదులుతుంది అన్నదే చూసుకోవాలి. లెక్కలు, రూల్సు, అద్దె కట్టే సూత్రం, ఇవన్నీ ఫ్రేమ్‌వర్క్ ముట్టుకోని మామూలు టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్ మీద కట్టిన భాష) ఫైళ్లలో పెట్టాలని మొదటి వారంలోనే నిర్ణయించుకున్నాం. మిగతా ఏ నిర్ణయం తప్పినా ఇది మాత్రం తప్పదని నా నమ్మకం.

మిగతా నాలుగింటికీ గ్రిడ్ మేం వేరుగా తెచ్చుకోవాలి. ఏజీ గ్రిడ్ అనే దాని ఉచిత రకం, కమ్యూనిటీ, తీసుకున్నాం, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఎంఐటీ లైసెన్స్. 40 వేల వరుసలు ఆ పాత యంత్రం మీద కూడా సాఫీగా కదిలాయి, ఎందుకంటే తెరమీద కనపడే వరుసల్నే అది గీస్తుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: రియాక్ట్ వేగమా, వ్యూ వేగమా అని ఎంతమంది వాదించుకున్నా, మా పనిలాంటి పనిలో వేగం తేల్చేది గ్రిడ్డే. నాలుగింటిలోనూ అదే గ్రిడ్ పెడితే గుమస్తా గారికి తేడా తెలియలేదు, మాకూ తెలియలేదు. కమ్యూనిటీలో లేనివి ఏమిటో ముందే చూసుకోండి. వరుసల్ని గుంపులుగా చేయడం, పివట్, ఎక్సెల్ ఫైల్‌గా దించుకోవడం, ఇవి డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంటాయి. రైతువారీ మొత్తాలు మాకు కావాలి కాబట్టి వాటిని డేటాబేస్‌లోనే లెక్కకట్టి తెచ్చుకుంటున్నాం. సీఎస్‌వీ ఫైల్ ఉచితంలోనే ఉంది, ఆడిటర్ గారికి అది చాలు.

యాంగ్యులర్ గురించి మంచి మాటే చెప్తాను. మా ముగ్గురిలో ఒకరి ఓటు చివరిదాకా దీనికే. రూటింగ్ (ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మారడం), ఫారాలు, సర్వర్‌తో మాట్లాడే భాగం, టెస్టులు అన్నీ ఒకే ఇంట్లోంచి వస్తాయి, ఏది వాడాలి అని తగువు ఉండదు. ముఖ్యంగా రియాక్టివ్ ఫారాలు: టిక్కీల సంఖ్య మారితే కాటా సగటు మారాలి, బ్యాంకు లోను ఉందంటే బ్రాంచి పేరు తప్పనిసరి కావాలి, ఇలాంటి ముడులు పడే చోట దానంత శుభ్రంగా ఇంకెక్కడా రాయలేకపోయాం. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి 18 నెలల మద్దతు ఉంటుంది, మారేటప్పుడు చాలా మార్పులు అప్‌డేట్ కమాండే చేసి పెడుతుంది. పాతికమంది డెవలపర్లున్న టీమ్ అయితే నేను వేరే ఆలోచన లేకుండా ఇదే తీసుకోమంటాను. మాకెందుకు కుదరలేదో కాస్త కిందకి వెళ్లాక చెప్తాను, కారణం యాంగ్యులర్‌లో లేదు.

రియాక్ట్‌కి ఉన్న బలం మనుషులు. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి రియాక్ట్ లేదా యాంగ్యులర్ వచ్చు, రెజ్యూమేల్లో వ్యూ అరుదుగా కనిపిస్తుంది. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టినప్పటి నుంచి దానికి దొరకని లైబ్రరీ లేదు. 2017లో లైసెన్స్ గొడవ కూడా ఎంఐటీకి మారడంతో తీరిపోయింది. అయినా మాకు రాస్తున్నంతసేపూ అలసటగానే ఉంది. ఫారానికి ఒక లైబ్రరీ, రూటింగ్‌కి ఒకటి, సర్వర్ డేటాకి ఇంకొకటి, ప్రతిదానికీ మూడేసి రకాలు, ప్రతిదాని వెనకా ఒక వాదన. మొదలుపెట్టడానికి అందరూ వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో పక్కనపెట్టేశారు. ఇప్పుడు అధికారిక పేజీ చూస్తే పేజీని సర్వర్ మీదే గీసి పంపగల నెక్స్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌తో మొదలుపెట్టమంటుంది. లాగిన్ వెనక, ఒక ఆఫీసులో నలుగురు వాడే స్క్రీన్‌ని సర్వర్ మీద గీయాల్సిన పని మాకు లేదు. ఇక యూజ్ ఎఫెక్ట్, అంటే ఏదైనా విలువ మారితే ఒక పని నడిపించే రియాక్ట్ పద్ధతి. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి రాసిన కోడ్‌లో అది ఒకదాన్ని ఒకటి లేపుకుంటూ సర్వర్‌ని నిమిషానికి వందలసార్లు పిలిచింది. రియాక్ట్ బాగా వచ్చినవాళ్లు అలా రాయరు, నిజమే. కానీ మా దగ్గర రాత్రి పదింటికి తప్పు సరిదిద్దేది ఆ కొత్తబ్బాయే.

స్వెల్ట్ రాయడం హాయిగా ఉంది, తక్కువ లైన్లలో పని అయిపోతుంది, కంపైల్ అయ్యాక వచ్చే ఫైళ్లు చిన్నవి. ఏజీ గ్రిడ్ వాళ్లు స్వెల్ట్‌కి సొంతంగా ఏమీ ఇవ్వరు, మామూలు జావాస్క్రిప్ట్ గ్రిడ్‌నే తెచ్చి అతికించుకోవాలి. 2024 అక్టోబర్‌లో వచ్చిన స్వెల్ట్ 5లో రూన్స్ అని రాసే తీరు మారింది, వెతికితే పాత తీరు సమాధానాలు, కొత్త తీరు సమాధానాలు కలిసిపోయి వస్తున్నాయి. ఇంకో రెండేళ్ల తర్వాత మళ్లీ చూస్తాను.

వ్యూ విషయానికి వస్తే మొదటి రోజు నుంచీ పని సాఫీగా సాగిపోయింది. టెంప్లేట్ చూస్తే హెచ్‌టీఎంఎల్ లాగే ఉంటుంది, కింద స్క్రిప్ట్, దాని కింద స్టైల్, ఒకే ఫైల్‌లో. ఇంతకుముందు ఎప్పుడూ వ్యూ చూడని కుర్రాడు వారంలో రిపోర్ట్ స్క్రీన్ ఒకటి సొంతంగా రాశాడు. ఎంటర్ సంగతికి ఒక కస్టమ్ డైరెక్టివ్ (ఫారానికి తగిలించే చిన్న కోడ్ ముక్క) రాసి ఫారం మీద పెడితే సరిపోయింది. కోడ్ మొత్తం ముప్పై లైన్లు ఉంటుందేమో. ఆ తర్వాతా ఒక చిక్కు మిగిలింది. రెడీమేడ్ డ్రాప్‌డౌన్లు ఎంటర్‌ని తామే మింగేస్తాయి, రకం ఎంచుకున్నాక మళ్లీ ఇంకోసారి ఎంటర్ కొట్టాల్సి వస్తుంది. ఇది ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా ఉండేదే. మేం డ్రాప్‌డౌన్ సొంతంగా రాసుకున్నాం, గుమస్తా గారు మౌస్ ముట్టుకోకుండా నలభై సెకన్లలో ఒక లాట్ ఎక్కించారు. ఆ రోజు మాకు పెద్ద బరువు దిగినట్టయింది.

వ్యూలో మేం పడ్డ గుంటలు రెండు చెప్తాను, మీకు పనికొస్తాయి. మొదటిది, 40 వేల వరుసల్ని మామూలు రెఫ్‌లో (డేటా మారితే స్క్రీన్ కూడా మారేలా వ్యూ ఇచ్చే డబ్బా) పెట్టాం. రెఫ్ లోపలి ప్రతి వస్తువునూ, మార్పులు కనిపెట్టడానికి, ప్రాక్సీ అనే తొడుగుతో చుడుతుంది, గ్రిడ్ ప్రతి వరుసనూ ముట్టుకుంటుంది, దాంతో పాత యంత్రం మీద స్క్రోల్ తడబడింది. లోపలి వస్తువుల్ని చుట్టని షాలో రెఫ్‌కి మార్చగానే సరిపోయింది. రెండోది తెలుగుది, ఇది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. యార్డులో సూపర్‌వైజర్ ఫోన్‌లో రైతు పేరు వెతుకుతాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో వెంకట అని కొడితే కీబోర్డు తెలుగులోకి మారుస్తుంది. అలా మార్చే సమయంలో అక్షరాలు ఇంకా కూర్పులో ఉంటాయి. వ్యూలో వి-మోడల్ (గడిలో కొట్టినదాన్ని ప్రోగ్రాంలోని విలువతో కలిపి ఉంచేది) ఆ కూర్పు అయిపోయేదాకా విలువ మార్చదు. చైనీస్, జపనీస్, కొరియన్ భాషల కోసం అలా పెట్టామని వాళ్ల డాక్యుమెంట్లలోనే రాసి ఉంది. దాంతో సూపర్‌వైజర్ పేరు సగం కొట్టినా కింద జాబితా కదలదు, స్పేస్ కొట్టాకే కదులుతుంది, యాప్ పాడైందని ఫోన్ చేస్తాడు. వి-మోడల్ తీసేసి విలువ, ఇన్‌పుట్ ఈవెంట్ విడివిడిగా రాసుకుంటే తీరిపోతుంది. యాంగ్యులర్ ఆండ్రాయిడ్‌ని గుర్తించి అక్కడ ఆగకుండా విలువ ఇచ్చేస్తుంది, రియాక్ట్‌లోనూ ప్రతి మార్పూ వస్తుంది. తెలుగులో టైప్ చేసేవాళ్ల కోసం ఏదైనా కట్టేవాళ్లు ఈ ఒక్కటి మొదటి రోజే పరీక్షించుకోండి.

ఏ ఫ్రేమ్‌వర్కూ చేసి పెట్టనివి కూడా ఉన్నాయి. శేఖర్ అని చివర కనపడని నాన్ జాయినర్ గుర్తుతో ఒకరు ఎక్కిస్తారు, ఆ గుర్తు లేకుండా ఇంకొకరు ఎక్కిస్తారు, కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి ఇద్దరు రైతులు. పోల్చే ముందు ఆ గుర్తు తీసేయాలి. ఇది చేయకపోతే ఒకే మనిషి స్టాక్ రెండు చోట్ల చీలిపోతుంది. అది లెక్క తప్పు మాత్రమే కాదు, ఆ రైతు బాండు మీద లోను అడిగినప్పుడు సగం సరుకే కనపడుతుంది. అంకెలకు లక్షల్లో కామాలు బ్రౌజరే ఇస్తుంది, ఇండియా లొకేల్ పెడితే 12,34,567 అని సరిగ్గా వస్తుంది, దానికి లైబ్రరీ అక్కర్లేదు. తెలుగు రసీదుని బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ చేసే ఒక లైబ్రరీతో ప్రయత్నించాం, ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడ్డాయి, పేర్లు చదవడానికి వీల్లేకుండా వచ్చాయి. దాన్ని వదిలేసి మామూలు పేజీగా చేసి బ్రౌజర్ ప్రింట్‌కే పంపుతున్నాం, అక్షరాలు శుభ్రంగా వస్తున్నాయి.

ఇక యాంగ్యులర్ ఎందుకు కుదరలేదో. మా కస్టమర్లలో ఇద్దరి దగ్గర కాటా పక్కన ఇంకా విండోస్ 7 యంత్రాలే ఉన్నాయి. కాటా నుంచి బరువు చదివే పాత సాఫ్ట్‌వేర్ వేరే దాంట్లో నడవదు కాబట్టి మార్చలేదు. విండోస్ 7 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది, 2023 మొదట్లో వచ్చింది, ఇక ముందుకు వెళ్లదు. యాంగ్యులర్ కొత్త వెర్షన్లు అధికారికంగా ఇటీవలి బ్రౌజర్లకే మాట ఇస్తాయి, 109 ఆ జాబితాలో ఉండదు. నడవచ్చు, మా పరీక్షలో చాలావరకు నడిచింది కూడా, కానీ రేపు సీజన్ మధ్యలో ఏదైనా ఆగితే అడగడానికి దారి లేదు. వ్యూ కోడ్‌ని మేం వీట్ అనే పనిముట్టుతో బ్రౌజర్‌కి సిద్ధం చేస్తున్నాం, వీట్ 7 మామూలుగా క్రోమ్ 107, ఆపై వాటికి సరిపోయేలా కడుతుంది. అంటే మా 109 సరిపోతుంది. ఇదే కారణంతో, పేజీల రంగులూ అంచులూ దిద్దే టెయిల్‌విండ్‌లో 4 కూడా వదిలేసి 3 దగ్గరే ఆగాం, ఎందుకంటే 4కి క్రోమ్ 111 కావాలి. మొదట తెలియక 4 పెట్టాం, మా ల్యాప్‌టాపుల్లో అంతా బాగుంది, కాటా దగ్గర తెరిస్తే రంగులూ అంచులూ పోయి పేజీ వెలిసిపోయినట్టు కనపడింది.

ఆ యంత్రాలు మార్చాలి, అందులో నాకు రెండో మాట లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో రైతుల బ్యాంకు వివరాలు తెరవడం మంచిది కాదు, ఇద్దరు యజమానులకీ అదే చెప్పాం, నెట్‌కి అవసరమైనంతే తెరిచి ఉంచాం. కానీ ఫలానా కంప్యూటర్ కొంటేనే మా సాఫ్ట్‌వేర్ అని చెప్పే స్థితిలో మేం లేం, వాళ్లు ఒప్పుకునేదాకా ఈ సీజన్ లాట్లు ఆగవు.

వ్యూ మీద భయాలు నాకూ ఉన్నాయి. వెనక గూగుల్, మెటా లాంటి కంపెనీ లేదు, ఇవాన్ యూ 2014లో మొదలుపెట్టింది, ఆయనా కొద్దిమందీ విరాళాల మీద నడిపిస్తూ వచ్చారు. వ్యూ 2 నుంచి 3కి మారడానికి చాలామంది అవస్థ పడ్డారు, ముఖ్యంగా వాళ్లు వాడుతున్న కాంపోనెంట్ లైబ్రరీలు సమయానికి మారకపోవడం వల్ల. అందుకే మేం కాంపోనెంట్ లైబ్రరీ మొత్తంగా ఏదీ పెట్టుకోలేదు. గ్రిడ్ ఒకటి బయటిది, తేదీ గడి బ్రౌజర్‌ది, మిగతావన్నీ సొంతం. మనుషుల కొరత కూడా నిజమే, రియాక్ట్ వచ్చినవాళ్లనే తీసుకుని నేర్పిస్తున్నాం.

డిసెంబర్‌లో మొదటి కోల్డ్ స్టోరేజీలో పెట్టాం, సరుకు జోరుగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలలు దాటింది. గుమస్తా గారు ఇప్పుడు అడుగుతున్నది ఒకటే, పాత ప్రోగ్రాంలో లాగా ఎఫ్2 కొడితే తేదీ మారాలట. ఆ పని ఈ వారం చేస్తున్నాను. ఎంటర్ డైరెక్టివ్ ఎవరికైనా కావాలంటే అడగండి, పంపిస్తాను. వ్యూ కాకుండా వేరేది వాడుతున్నా పర్లేదు, లోపలంతా మామూలు జావాస్క్రిప్టే.